నాలుగున్నర అంగుళాల గోడ

2022 ఫిబ్రవరి 10, సాయంత్రం. గురుగ్రామ్ సెక్టార్ 109లోని చింటెల్స్ పారడైసో అపార్ట్‌మెంట్లలో డి టవర్. ఆరో అంతస్తులోని ఒక ఫ్లాట్‌లో ఫ్లోరింగు మారుస్తున్నారు. పండక్కో పెళ్లికో ముందు ఏ ఇంట్లోనైనా జరిగే పనే. ఆ పని నడుస్తుండగానే ఆరో అంతస్తు నుంచి మొదటి అంతస్తు దాకా హాళ్లు ఒకదాని మీద ఒకటి కూలాయి. ఇద్దరు మహిళలు చనిపోయారు.

నేల మార్చుకోవడానికి ఎవరి అనుమతి కావాలి? పక్కనే ఉన్న ఢిల్లీ నిబంధనల పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు సూటిగా ఉంది: ఎవరిదీ అక్కర్లేదు. మరి అనుమతి అక్కర్లేనంత చిన్న పని ఆరు అంతస్తులను ఎలా కూల్చింది?

కూల్చింది ఆ పని ఒక్కటే కాదు. కాంక్రీటుకు అప్పటికే జబ్బు చేసి ఉంది. తర్వాత ఐఐటీ ఢిల్లీ నిపుణులు నమూనాలు తీసి చూస్తే అందులో క్లోరైడ్, అంటే ఉప్పు తాలూకు అంశ, ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉంది. కాంక్రీటుది క్షారగుణం. ఆ క్షారంలో ఇనుప ఊచ చుట్టూ కంటికి కనబడని పలచని పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. క్లోరైడ్ ఆ పొరను తినేస్తుంది. తుప్పు తనకు పుట్టినిల్లయిన ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది, పెచ్చులు ఊడతాయి. ఘనపు మీటరు కాంక్రీటులో 0.6 కిలోలకు మించి క్లోరైడ్ ఉండకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెప్పేది అందుకే. ఆ టవర్‌ను మరమ్మతు చేయడం సాంకేతికంగా గానీ ఖర్చు పరంగా గానీ కుదిరే పని కాదని నిపుణులు తేల్చారు.

ఇంటి పనుల్లో దేనికి అనుమతి కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. నిజానికి అది బరువు లెక్క. ఇంటి బరువు ఏ దారిన నేలకు దిగుతోంది, ఆ దారిలో ఎవరు చెయ్యి పెడుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఢిల్లీలో ఇంటి ప్లాను మంజూరును ‘నక్షా పాస్’ అంటారు. 1957 నాటి ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలో 332వ సెక్షన్ అనుమతి లేకుండా భవనం కట్టకూడదంటుంది. ఎలా కట్టాలో, ఏ పనికి మినహాయింపు ఉందో 2016లో వచ్చిన యూనిఫైడ్ బిల్డింగ్ బైలాస్ చెబుతాయి. మినహాయింపుల జాబితా ఆసక్తిగా ఉంటుంది. ప్లాస్టరింగు, అతుకుల మరమ్మతు, అదే ఎత్తులో పైకప్పు మళ్లీ వేసుకోవడం, నేల మార్చడం, రాలిన ఇటుకలూ రాళ్లూ తిరిగి పేర్చడం, వెల్ల, రంగులు. సొంత స్థలం దాటకుండా, 75 సెంటీమీటర్ల వెడల్పు మించని సన్‌షేడ్. మీటరున్నర ఎత్తు మించని పిట్టగోడ. అటకలా వాడుకోవడానికి వీల్లేని ఫాల్స్ సీలింగ్. నిబంధనలకు లోబడిన లోపలి పార్టిషన్లు. కిటికీ గానీ తలుపు గానీ పెట్టుకోవచ్చు, మూసుకోవచ్చు. కాకపోతే అది పక్కవాళ్ల స్థలం వైపు తెరుచుకోకూడదు.

ఈ జాబితాలో ఎక్కడా రూపాయి లెక్క లేదు. ముప్ఫై లక్షలు పోసి ఇటాలియన్ మార్బుల్ పరిపించుకున్నా కార్పొరేషన్‌కు పట్టదు. అయిదు వేలతో పక్కింటి వైపు చిన్న కిటికీ కొడితే మాత్రం పట్టింపు మొదలవుతుంది. ఖర్చును చూసి నిబంధన ఉలిక్కిపడదు. బరువు మోసే భాగం కదిలినా, ఎత్తు పెరిగినా, గీత దాటి అవతలివాడి గాలీ వెలుతురూ మీదికి వెళ్లినా ఉలిక్కిపడుతుంది.

ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) కట్టిచ్చిన ఫ్లాట్ల నిబంధనలు ఈ సంగతిని ఇంకా ఇంటిభాషలో చెబుతాయి. వరండాకు గ్రిల్లు, అద్దాలు బిగించుకోవచ్చు. వాటర్‌ప్రూఫింగ్ చేసి ఫ్లోరింగు మార్చుకోవచ్చు. గోడను తొలవకుండా అరలు పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం: సగం ఇటుక గోడను, అంటే నాలుగున్నర అంగుళాల గోడను, తీసేసుకోవచ్చు. తొమ్మిదంగుళాల గోడ జోలికి పోకూడదు.

తేడా ఇటుకను పేర్చే తీరులోనే ఉంది. ఇటుక సుమారుగా తొమ్మిదంగుళాల పొడుగు, నాలుగున్నర వెడల్పు. గోడ వెంబడి పొడుగ్గా ఒక్క వరస పేరిస్తే 115 మిల్లీమీటర్ల గోడ వస్తుంది. అది గదిని రెండు చేయడానికి నిలబెట్టిన అడ్డుతెర లాంటిది. అడ్డంగా పేరిస్తే 230 మిల్లీమీటర్లు; పాత డీడీఏ బ్లాకుల్లో చాలాచోట్ల పై అంతస్తుల స్లాబులన్నీ ఆనేది దాని మీదే. తలుపు చౌకట్టు దగ్గర టేపు పెట్టి కొలిస్తే ఏది ఏదో అర నిమిషంలో తెలుస్తుంది. పిల్లర్లు, బీములు ఉన్న భవనంలో లెక్క మారుతుంది. అక్కడ గోడలు బరువు మోయవు గానీ, భూమి కదిలినప్పుడు చట్రాన్ని ఎంతో కొంత బిగబట్టి ఉంచుతాయి. అందుకే ‘ఇది ఉత్త పార్టిషనే సార్’ అనే మేస్త్రీ మాట సగం నిజం మాత్రమే.

ఇక మినహాయింపు ఉన్న పనుల బరువు ఎంతో చూద్దాం. నివాస గదుల్లో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోసేలా స్లాబును లెక్కకట్టాలని ఐఎస్ 875 చెబుతుంది. పాత టైల్స్ పగలగొడితే దుమ్ము, చప్పుడు, ఖర్చు. అందుకని చాలామంది వాటి మీదే రెండంగుళాల సిమెంటు మాలు పరిచి కొత్తవి అతికిస్తారు. సిమెంటు మాలు ఘనపు మీటరుకు రెండు వేల కిలోల పైచిలుకు. అయిదు సెంటీమీటర్ల మందంలో అది చదరపు మీటరుకు వంద కిలోలు దాటుతుంది. మనుషులూ మంచాలూ బీరువాల కోసం ఉంచిన లెక్కలో సగానికి సమానమైన బరువు ఇంట్లోకి ఏ ఫర్నిచరూ రాకముందే వచ్చి కూర్చుంటుంది. ఇరవై చదరపు మీటర్ల హాలులో అది రెండు టన్నులు. డాబా మీద అడుగు లోతు మట్టి పోసి తోట పెంచితే, వాన పడ్డాక ఆ తడి మట్టి చదరపు మీటరుకు అయిదు వందల కిలోల దాకా తూగుతుంది. వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు నిండితే టన్ను, అదీ నాలుగడుగుల చోటులో. వీటిలో ఏ ఒక్కటీ ఇల్లు కూల్చదు. ఇంజనీరు వదిలిపెట్టిన భద్రతా మార్జిన్‌ను ప్రతి ఒక్కటీ కాస్త కొరుక్కు తింటుంది.

అంతస్తు పెంచడం దగ్గర ఏ మినహాయింపూ ఉండదు. ఢిల్లీ మేస్త్రీల భాషలో ‘లెంటర్ వేయడం’. మనకు లింటెల్ అంటే తలుపు మీది దిమ్మె. అక్కడ లెంటర్ అంటే ఏకంగా స్లాబు. రెండంతస్తులకని వేసిన పునాది మీద నాలుగో లెంటర్ పడిందంటే కింది పిల్లరు మోసేది ఇంచుమించు రెట్టింపు. అది నిలువు బరువు మాటే. అడ్డంగా వచ్చే బలం వేరే.

2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున 5.36కి ఢిల్లీ మంచాల మీద నుంచి లేచి కూర్చుంది. భూకంప తీవ్రత 4.0 మాత్రమే. కేంద్రం ధౌలాకువా దగ్గర, అయిదు కిలోమీటర్ల లోతున, అంటే ఊరి పాదాల కిందే. అందుకే కుదుపుతో పాటు ఉరుము లాంటి చప్పుడూ వినిపించింది. ఈ ఊరికి భూకంపాలు కొత్త కాదు. 1720లో పెద్దది వచ్చింది. 1803 భూకంపానికి కుతుబ్ మీనార్ పైనున్న గుమ్మటం పడిపోయింది. 1960లో ఢిల్లీ, గురుగ్రామ్ పరిసరాల్లో 6.0 తీవ్రతతో మరొకటి. ఐఎస్ 1893:2016 పటంలో ఢిల్లీది నాలుగో జోన్, గుణకం 0.24. సాదాగా చెప్పాలంటే, ఘోరమైన భూకంపంలో భూమి గురుత్వ త్వరణంలో దాదాపు పావువంతుతో పక్కకు ఊగుతుందని ఇంజనీరు ఊహించుకోవాలి. అదైనా అంతటా ఒకేలా ఉండదు. రిడ్జ్ గుట్టల క్వార్ట్‌జైట్ రాతి మీద కట్టిన ఇల్లు ఒకలా ఊగుతుంది, యమున తెచ్చి పోసిన ఒండ్రు మీద కట్టినది మరోలా. మెత్తటి మట్టి కుదుపును పెద్దది చేస్తుంది. భూగర్భ నీటిమట్టం పైపైనే ఉండి నీటితో తడిసిన ఇసుక నేలలైతే కుదుపుకి కాసేపు ద్రవంలా మారి పునాదిని వదిలేసే ప్రమాదమూ ఉంది.

ఢిల్లీలో, గురుగ్రామ్‌లో కొత్తగా కట్టే ‘బిల్డర్ ఫ్లోర్’ ఇళ్లను చూస్తే పొలంలో మంచె గుర్తొస్తుంది. కింద కార్ల కోసం ఉత్త పిల్లర్లు, పైన గోడలతో నిండిన నాలుగంతస్తులు. నేల ఊగినప్పుడు పైభాగం పెట్టెలా గట్టిగా ఉంటుంది, వంగాల్సిందంతా కింది కాళ్లే వంగాలి. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలడం వెనక ఈ మంచె కాళ్ల బలహీనత పెద్ద కారణం. ఇలా కాళ్ల మీద నిలిపే స్టిల్టు వేయకూడదని కాదు. కాళ్లను ఎంత లావు చేయాలో, అడ్డబలాన్ని తట్టుకునే షియర్ వాల్ ఎక్కడ పెట్టాలో స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కకట్టి, సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి. ప్లానుకు జతపరిచే కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది ఆ సంతకమే. దాన్ని వంద కాపీల్లో ఒక కాపీగా చూసేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి.

లెక్క తప్పితే ఏమవుతుందో యమున అవతల ఒడ్డున లక్ష్మీనగర్ చూసింది. 2010 నవంబరు 15 రాత్రి లలితా పార్కులో అయిదంతస్తుల భవనం కూలి దాదాపు 70 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్ట చేత పట్టుకుని వచ్చిన వలస కుటుంబాలవాళ్లు. ఆ ఏడాది యమునకు పెద్ద వరద. బేస్‌మెంట్‌లో నీరు నిలిచింది, పైన అనుమతి లేని నిర్మాణం. 2018 జులై 17న గ్రేటర్ నోయిడా దగ్గర షాబేరీలో ఒక భవనం పక్కదాని మీద పడి తొమ్మిది మంది పోయారు. 2025 ఏప్రిల్ 19న ముస్తఫాబాద్‌లో నాలుగంతస్తులు కూలి 11 మంది. కింది షాపుల్లో పని జరుగుతోందని అప్పటి వార్తలు. పాత ఇంట్లో కింది గోడ తీసి షాపు వెడల్పు చేయడం చూడటానికి లోపలి మార్పే. బరువు దారి దృష్ట్యా చూస్తే దానికి మించిన దుస్సాహసం లేదు.

ఈ ఊళ్ల పేర్లు వింటే ‘అనుమతి ఎందుకు తీసుకోలేదు’ అనడం సులువు. కానీ ఢిల్లీలో లక్షల మంది ఉండేది అనధికార కాలనీల్లో. 2019లో పార్లమెంటు చేసిన చట్టం 1,731 కాలనీల వాసులకు యాజమాన్య హక్కులు పొందే దారి తెరిచింది. అయితే హక్కు పత్రం వేరు, పాసైన ప్లాను వేరు. లేఅవుటే లేని వీధిలో ఇంటి ప్లాను ఎవరు పాస్ చేయాలి? పాత కట్టడాలను కూల్చివేతల నుంచి కాపాడే ప్రత్యేక చట్టం గడువును పొడిగిస్తూ వస్తున్నారు. 2023లో పొడిగించిన గడువు 2026 డిసెంబరు 31. ఆ రక్షణ బుల్డోజరు నుంచే, గురుత్వాకర్షణ నుంచి కాదు.

ఇటుక కదపకుండానే అనుమతి దాటే దారి ఇంకొకటుంది: గదిని మరో పనికి వాడటం. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో వాన నీరు ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. వాళ్లలో ఒకమ్మాయి తెలంగాణ నుంచి వచ్చింది. కాగితాల మీద ఆ బేస్‌మెంట్ పార్కింగుకు, సామాను దాచడానికి. వాడింది లైబ్రరీగా. సామానుకు పారిపోవాల్సిన పని లేదు కాబట్టి గోదాముకు దారులు, గాలి, నీటి పారుదల వేరేగా లెక్కకడతారు. మనుషులు కూర్చుంటే లెక్కంతా మారాలి. వరద నీరు మీటరు ఎత్తున నిలిస్తే, తొంభై సెంటీమీటర్ల వెడల్పు తలుపును దాదాపు 450 కిలోల బలంతో నెడుతుంది. ఎంత కండ ఉన్న కుర్రాడైనా దాన్ని ఎదురు తోయలేడు. సొంత ఇంటి బేస్‌మెంట్‌ను అద్దె గదులుగా మార్చేవాళ్లకూ ఇదే భౌతికశాస్త్రం వర్తిస్తుంది.

ఎంత కట్టవచ్చన్న ప్రశ్నకు ఢిల్లీలో జవాబు ఎఫ్‌ఏఆర్. స్థలం విస్తీర్ణానికీ మొత్తం అంతస్తుల విస్తీర్ణానికీ ఉన్న నిష్పత్తి అది. 80 చదరపు మీటర్ల ప్లాటుకు మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం తొంభై శాతం కప్పవచ్చు, ఎఫ్‌ఏఆర్ 350 శాతం. అంటే అంతస్తుకు 72, మొత్తం మీద 280. నాలుగంతస్తులూ నిండుగా వేస్తే 288 అవుతుంది. ఆ ఎనిమిది చదరపు మీటర్ల దగ్గరే ఎన్ని బాల్కనీలు ‘గది’ అవతారం ఎత్తాయో లెక్క లేదు. హైదరాబాద్ పాఠకుడికి ఈ గొడవ వింతగా ఉండవచ్చు. 2006 నాటి జీవో 86 అక్కడ ఈ నిష్పత్తి పరిమితిని ఎత్తేసి, రోడ్డు వెడల్పుకూ ఖాళీగా వదలాల్సిన జాగాకూ ముడిపెట్టింది.

ఎన్‌సీఆర్‌లో మెట్రో ఎక్కితే అరగంటలో చట్టం మారిపోతుంది. ఢిల్లీలో 105 చదరపు మీటర్ల దాకా నివాస ప్లాటుకు ‘సరళ్’ పద్ధతి ఉంది. యజమాని హామీపత్రం ఇచ్చి, ఫీజు కట్టి పని మొదలుపెట్టుకోవచ్చు. ఉత్తరప్రదేశ్ 2025లో తెచ్చిన నిబంధనల్లో వంద చదరపు మీటర్ల దాకా ప్లాటులో ఇంటికి నక్షా పాస్ అవసరం తీసేసి, రూపాయి రిజిస్ట్రేషన్ పెట్టింది. ఆ రూపాయి మనకు తెలిసినదే. 2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్‌లో 75 చదరపు గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయితో నమోదు చాలు. చిన్నవాడిని ఆఫీసుల చుట్టూ తిప్పొద్దన్న ఉద్దేశం మెచ్చుకోదగ్గదే. కానీ పేదవాడి ఇంటికే ఇంజనీరు చూపు ఎక్కువ అవసరమన్న సంగతి ఈ సరళీకరణల్లో ఎక్కడో జారిపోతోంది. హర్యానాది మరో కథ. స్టిల్టు మీద నాలుగంతస్తుల అనుమతులను 2023లో ఆపేసి, 2024 జులైలో కనీసం పది మీటర్ల రోడ్డు ఉండాలన్న షరతుతో తిరిగి తెరిచారు. పాత కాలనీల్లో పక్క ప్లాటువాళ్ల సమ్మతి తెచ్చుకోవాలి, లేకపోతే పక్కన 1.8 మీటర్లు వదలాలి. గోడకు గోడ ఆనించి కట్టే ఊళ్లో ఒకరి తవ్వకం ఇంకొకరి పునాది కింద మట్టిని కదిలిస్తుంది మరి.

ఢిల్లీకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కేంద్రం రక్షించే కట్టడాలు ఇక్కడ 170కి పైనే. రక్షిత కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం అలాంటి కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో పాత ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ దాకా అర్జీ వెళ్లాలి. నిజాముద్దీన్‌లోనో హౌజ్ ఖాస్‌లోనో ఏదో ఒక సుల్తాను సమాధి పక్కింటాయన అయిన పాపానికి కార్పొరేషన్ మినహాయింపు ఒక్కటే సరిపోదు.

అనుమతి చేతిలో ఉన్నా అది సరైనదై ఉండాలి. నోయిడా సెక్టార్ 93ఏలోని సూపర్‌టెక్ జంట టవర్లకు నోయిడా అథారిటీ ముద్ర ఉంది. అయినా భవనాల మధ్య ఉండాల్సిన కనీస దూరం వదల్లేదని, అప్పటికే ఉంటున్నవాళ్ల సమ్మతి తీసుకోలేదని 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు కూల్చమంది. మరుసటి ఏడాది ఆగస్టు 28న 3,700 కిలోల పేలుడు పదార్థం ఆ పని పది సెకన్ల లోపు ముగించింది. రెండు భవనాల మధ్య దూరం అంటే ఎండ, గాలి, అగ్నిమాపక యంత్రం తిరిగే జాగా. కాగితం మీద అదొక అంకె. కింది అంతస్తులో ఉండే ముసలాయనకు అది మధ్యాహ్నపు వెలుతురు.

2024 డిసెంబరు 17న మీరట్ శాస్త్రి నగర్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. ఇంటి కోసం ఇచ్చిన ప్లాటులో దుకాణాలు లేచిన వ్యవహారం అది. పాసైన ప్లాను పని జరిగినన్నాళ్లూ స్థలం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలి, పూర్తయిన ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలి, బ్యాంకులు కూడా అది చూశాకే అప్పివ్వాలి అంది. ఇప్పుడు దారిన పోయేవాడికి కూడా ఆ బోర్డు చూసి అంతస్తులు లెక్కపెట్టుకునే వీలుంది.

అన్నీ సరిగ్గా కుదిరి, ఇంజనీరు సంతకం పడి, ప్లింత్ దాకా లేచిన ఇంటి ముందుకు నవంబరు వస్తుంది. గాలి నాణ్యత సూచీ 400 దాటి కాలుష్య నియంత్రణ ప్రణాళిక ‘గ్రాప్’లో మూడో దశ మొదలయ్యాక తవ్వకం, తాపీ పని, కూల్చివేత ఆపేయాలి. ఇంట్లో చిన్నాచితకా మరమ్మతులు తప్ప టైల్స్ కోయడం, పరచడం కూడా ఆ జాబితాలో ఉంది. ఏ అనుమతీ అక్కర్లేని ఫ్లోరింగు ఆ రోజుల్లో నిషిద్ధం. పాసైన నక్షా ఫైల్లో ఉండగానే ఇసుక కుప్పలు ఆకుపచ్చ గుడ్డ కింద పడి ఉంటాయి, మేస్త్రీ ఊరెళ్లిపోతాడు.